చిల్లుల బోర్డు మీద నాలుగు వలయాలు

కోటేశ్వరరావు పోయాక అతని కార్ల రిపేరు షెడ్డును మొదట దెబ్బతీసింది అతని ఫొటోయే. మాట కటువుగా ఉన్నా నిజం అదే. బందరు చిలకలపూడి రోడ్డులో ఆ షెడ్డు పక్కనే నా టైలరింగ్ కొట్టు. అంతా కళ్లారా చూసినదాన్ని.

దినకర్మలు కాగానే అతని తమ్ముడు పెద్ద ఫొటో చేయించి, దండ వేసి, చిన్న ఎర్రబల్బు పెట్టి, పానాలు తగిలించే చిల్లుల బోర్డుకు సరిగ్గా మధ్యలో బిగించాడు. అన్న మీద ప్రేమే, కాదనను. కానీ బండి తెచ్చినవాడికి ముందు కనబడేది అదే. అయ్యో, మేస్త్రి పోయారా అని నిట్టూర్చి, సుగుణ ఇచ్చిన మంచినీళ్లు తాగి, ఆమెను ఓదార్చి, తాళంచెవి మళ్లీ జేబులో వేసుకుని వెళ్లిపోయేవాడు. పరామర్శలకు లోటు లేదు, పనికే కరువు.

సుగుణ కోటేశ్వరరావు భార్య. పెళ్లయిన కొత్తలో క్యారేజీ తెచ్చి, అతను తినేదాకా ఊరికే కూర్చోలేక పానాలు అందించడం మొదలుపెట్టింది. పోనుపోను బండి కింద అతనుంటే బానెట్ దగ్గర ఈమె ఉండేది. ఆ సంగతి ఊళ్లో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లకు ఫొటో చూడగానే మరుపొచ్చేది. షెడ్డు అద్దెకిచ్చేసి ఇంటిపట్టున ఉండమని మరిది పోరు పెట్టాడు. నెలాఖరుదాకా చూస్తానంది సుగుణ. ఆ నెలాఖరూ దగ్గరపడింది.

ఒక ఆదివారం పొద్దున్నే ఆమె ఫొటో దించి, కళ్లకద్దుకుని, ఇంట్లో ముందుగదిలో పెట్టి వచ్చింది. పానాలన్నీ కింద పరిచింది. ఫొటో ఉన్నచోట దుమ్ముపట్టని చదరం మిగిలింది. అక్కడ ఏదో ఒకటి లేకపోతే అందరికీ ఇంకా ఫొటోయే కనబడుతుందంది. పెయింటర్‌ను పిలుద్దామన్నాను. అక్కర్లేదని వెండిరంగు డబ్బా తెరిచింది. బోర్డు చిల్లులు వరసలు తీరి ఉంటాయి కదా, వాటినే చుక్కలనుకుని, ముగ్గు వేసినట్టే చుట్టుకుంటూ పోయింది. ఒకదానిలో ఒకటి చిక్కుకున్న నాలుగు వలయాలు తేలాయి. ఆడి అనే విదేశీ కంపెనీ కారు గుర్తు. నాకు నవ్వాగలేదు. అంత ఖరీదైన కారు ఈ గుంటల రోడ్డు మీదికి దిగుతుందా, దిగినా ఈ రేకుల షెడ్డు మొహం చూస్తుందా అన్నాను. తన చేతికొచ్చిన మెలికల ముగ్గు ఇదేనని, ఆ కంపెనీవాళ్లే మన వాకిళ్లు చూసి వేసుకున్నారేమోనని అంది. చెయ్యి మాత్రం ఆపలేదు.

మరిది వచ్చి మండిపడ్డాడు. అన్నను గోడ మీంచి కూడా తీసేశావా అని నలుగురిలో నిలదీశాడు. నాకు ఒళ్లు మండింది గానీ సుగుణ నన్ను నోరు తెరవనివ్వలేదు.

"మీ అన్నయ్య ఇంట్లో ఉన్నాడబ్బాయ్. షెడ్డులో నేనుంటాను. దండ వేసినచోట ఎవరూ బండి వదలరు."

మర్నాడు నాగాయలంకలో రొయ్యల చెరువులున్న గోవర్ధనరావుగారి కారు పొగలు కక్కుతూ వచ్చింది. ఇదివరకు ఓదార్చి వెళ్లిపోయినవాళ్లలో ఆయనా ఒకరు. బోర్డు వంక చూసి ముసిముసిగా నవ్వారు. ఇంజను వేడెక్కిపోతోందని, సాయంత్రం పెళ్లికి వెళ్లాలని చెప్పి, తాళంచెవి సుగుణ చేతిలో పెట్టారు. ఆయన వెనకే ఇంకో బండి వచ్చింది. ఆ మధ్యాహ్నం సుగుణ అన్నానికి కూడా లేవలేదు.

చీకటిపడే వేళ టీ పట్టుకెళ్లాను. బోర్డు కింద కూలబడి ఉంది, మొహమంతా గ్రీజు. గెలిచావే అన్నాను.

"పొద్దుట్నుంచి ఒక్కరు కూడా ఆయన పేరెత్తలేదక్కా," అంది.

అతను పోయిననాడు కూడా ఆమె అంతగా ఏడవలేదు. పక్కన కూర్చుని వీపు నిమిరాను. కాసేపటికి తనే ముక్కు తుడుచుకుని, టీ చల్లారిపోయిందని నా మీద విసుక్కుని, మిగిలిన బండి కిందికి దూరింది.