ఎడమ స్టీరింగు న్యూపోర్ట్, కుడి సీట్లో నేను

మా చిన్నప్పుడు... ఈ కీవీల దేశంలో, జాన్సన్‌విల్‌లో మా ఇంటి ముందు సగం వీధి ఆక్రమించుకుని ఒక క్రైస్లర్ న్యూపోర్ట్ ఉండేది. ఆ పేరుతో అమెరికాలో తయారైన పెద్ద సెడాన్లలో ఆఖరి తరం. బానెట్టే మా వంటగదంత. ముందు సీటు సోఫాలా ఉండేది. అమెరికాలో పనిచేసి తిరిగొచ్చిన ఒక కీవీ అంకుల్ ఓడలో తెచ్చుకుని, దానికి పెట్రోలు పోయలేక నాన్నకి చవగ్గా వదిలించుకున్నాడు.

స్టీరింగు ఎడమ వైపు. ఈ దేశంలో బండి నడిపేదీ ఎడమ వైపే. ముందు లారీ ఉందంటే, ఎదురుగా ఏం వస్తోందో నాన్నకి కనిపించదు. కుడి సీట్లో ఉన్నవాళ్ళే తొంగి చూసి చెప్పాలి. ఆ పని అమ్మది... అమ్మకి ఆసుపత్రి లాండ్రీలో డ్యూటీ ఉన్న రోజు నాది.

"అమ్మలూ, ఖాళీయేనా?"

"ఆగు నాన్నా... ఆఁ, ఇప్పుడు వెళ్ళు!"

పదేళ్ళ పిల్లకి అంతకన్నా పెద్ద ఉద్యోగం ఏముంటుంది...

నాన్న కాకినాడలో కాలవల మీద వంతెనలు కట్టిన ఇంజినీరు. ఇక్కడ ఉన్ని గోదాములో బేళ్ళు మోసేవారు. రెండేళ్ళు ఉత్తరాలు రాయగా రాయగా, పామర్‌స్టన్ నార్త్‌లో ఒక ఇంజినీరింగ్ ఆఫీసు ఇంటర్వ్యూకి రమ్మంది. స్కూలు సెలవులు, అమ్మకి డ్యూటీ. నేనూ, నాన్నా, ఆయన పెళ్ళినాటి సూటూ బయల్దేరాం.

దారిలో లెవిన్ ఊరు దాటాక ముందు ఒక పాల ట్యాంకర్ తగిలింది. అంతకుముందు ఆదివారమే నేను తొందరపడి "వెళ్ళు" అనేశాను. ఎదురొచ్చినవాడు హారన్ మోగించి, పచ్చి బూతులు తిట్టి పోయాడు. ఆ హారన్ ఇంకా చెవుల్లో మోగుతూనే ఉంది.

"ఖాళీయేనా అమ్మలూ?"

"ఆగు."

"ఇప్పుడో?"

"ఆగు నాన్నా..."

రోడ్డు ఖాళీగానే ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది. అయినా "వెళ్ళు" అనడానికి నోరు రాలేదు.

నాన్న గడియారం చూసుకున్నారు. "సర్లే, దీని వెనకే పోదాం. పాలు తాగి పెరిగినవాళ్ళమేగా," అన్నారు.

పన్నెండు నిమిషాలు ఆలస్యంగా చేరాం. కారులో నేను చిప్స్ పొట్లం సగం కూడా తినకముందే నాన్న బయటికొచ్చేశారు. టై విప్పి వెనక సీట్లోకి విసిరారు. తిరుగుదారంతా నన్ను ఒక్క మాట అనలేదు.

రిటైరయ్యేదాకా ఆయన ఆ గోదాములోనే ఉన్నారు. అమ్మ ఆయన నడుముకి బామ్ రాసిన ప్రతిసారీ నా కళ్ళకి ఆ ఖాళీ రోడ్డే కనిపించేది.

కిందటి చలికాలం ఇక ఆపుకోలేకపోయాను. "నాన్నా, ఆ రోజు రోడ్డు ఖాళీయే. నేనే అబద్ధం చెప్పాను. నావల్లే ఆ ఉద్యోగం..."

నాన్న నవ్వారు. "ఓసి పిచ్చిదానా! ఆలస్యం ఊసే ఎత్తలేదే వాళ్ళు. నా కాగితాలు తిప్పి కూడా చూడలేదు. లోకల్ ఎక్స్‌పీరియెన్స్ లేదన్నారు, చెయ్యి కలిపారు, అంతే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"పదేళ్ళదానివి. మీ నాన్న చదువు ఇక్కడ చెల్లదంట అని నీతో ఎలా చెప్పనే?"

మన వాట్సాప్ గ్రూపుల్లో కొందరు పెద్దమనుషులుంటారు... కష్టపడితే ఎవరైనా సెటిల్ అవ్వచ్చు అంటారు. మా నాన్నకంటే కష్టపడినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి చూద్దాం! ఇక్కడి అనుభవం రావాలంటే ముందు ఇక్కడ ఎవరో ఒకరు పని ఇవ్వాలి కదా? తలుపు మూసినవాళ్ళు హాయిగా నిద్రపోయారు. నేరం మాత్రం ఒక చిన్నపిల్ల ముప్పయ్యేళ్ళు మోసింది. నిజం చెప్పాలంటే, అరిచే ఓపిక కూడా సన్నగిల్లుతోంది...

ఆ కారు ఎప్పుడో తుక్కుకి పోయింది. మా వీధి నిండా ఇప్పుడు గోడల్లాంటి ఎస్‌యూవీలు. బళ్ళన్నీ మారాయి. మొన్న ఆక్లాండ్ వెళ్ళినప్పుడు, శాండ్రింగ్‌హామ్‌లో సరుకుల కొట్లో బిల్లు వేస్తున్న అమ్మాయిని పలకరించాను. గుంటూరు పిల్ల, సివిల్ ఇంజినీరు. "లోకల్ ఎక్స్‌పీరియెన్స్ లేదంటున్నారు ఆంటీ," అంది, కందిపప్పు సంచిలో వేస్తూ.

పెద్దవాళ్ళు చెప్పలేక మింగేసినదాన్ని మీ తప్పే అనుకుని మోసినవాళ్ళు ఎవరైనా ఉంటే... ఇక్కడ రాయండి, చదువుతాను. ఆ పెద్దవాళ్ళు ఇంకా ఉంటే మాత్రం, నాలా ఇన్నేళ్ళు ఆగకండి. ముందు వాళ్ళనే అడగండి.