మామగారి గొంతు సవరింపు

మా మామగారంటే నాకు పడదు. ఇల్లరికం అల్లుణ్ణి కాబట్టి ఈ మాట పైకి అనకుండా నాలుగేళ్లు నోరు కుట్టుకుని కూర్చున్నాను. ఆయన ఒక పరిశోధనశాలలో పక్షుల గదికి కాపలా కాసేవాడు, మేత వేసేవాడు, ఊడ్చేవాడు. ఇంట్లో మాత్రం ఆ సంస్థ తన భుజాల మీదే నడుస్తున్నట్టు మాట్లాడేవాడు.

సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పి, ఒక్కసారి గొంతు సవరించుకునేవాడు. అంతే, వంటగదిలో అత్తగారి గరిటె ఆగిపోయేది. నా భార్య టీవీ కట్టేసి లేచి నిలబడేది. ఆ వెంటనే ఎవరికో ఒకరికి తిట్లు తప్పవు. నా భార్యకి చిన్నప్పుడైతే వీపు కూడా మోగేదట. వేరే ఇల్లు చూసుకుందామంటే ఒప్పుకునేది కాదు. "నేను పుట్టు పిరికిదాన్నండీ, ఎక్కడికి పోయినా ఇంతే" అనేది. చివరికి ఏడాదిన్నర వయసున్న మా పాప కూడా ఆ చప్పుడు వింటే మంచం కిందికి పాకడం మొదలుపెట్టింది. అది చూసి నాకు కడుపు మండిపోయింది. దీన్నైనా ఈ ఇంట్లోంచి తప్పించాలి అనుకున్నాను.

ఆయన మాత్రం నవ్వాడు. "మా రక్తమేనయ్యా, ఎక్కడికి పోతుంది? భయం గుడ్డులోనే ఉంటుంది. కావాలంటే మా కోడిపిల్లల్ని చూడు."

ఆ కోడిపిల్లలు మిషన్‌లో పొదిగినవి. తల్లిని ఎరగవు, గద్దను ఎరగవు. పరిశోధన చేసే మేడమ్ పైనున్న తీగకి గద్ద ఆకారంలో కత్తిరించిన అట్ట కట్టించింది. మామగారు తెర వెనక నిలబడి తాడు లాగితే దాని నీడ పిల్లల మీదుగా పోతుంది. పిల్లలన్నీ నేలకి కరుచుకుపోయేవి. ఎవరూ నేర్పకుండా వచ్చిన భయమిదని మేడమ్ రాసుకుంది. ఈయన ఆ ముక్క పట్టుకుని రోజూ మా ప్రాణాలు తోడేసేవాడు.

ఒకరోజు మొహం మాడ్చుకుని వచ్చాడు. ఆ రోజు అట్ట ఊడి కింద పడిందట. అది చూసుకోకుండా ఈయన ఉత్త తాడే లాగాడు. అయినా పిల్లలు ఎప్పటిలాగే నక్కాయి. మేడమ్‌కి అనుమానం వచ్చి, అట్ట మళ్లీ కట్టించి వేరేవాళ్లచేత లాగించింది. ఒక్క పిల్ల కూడా మేత మానలేదు. తర్వాత ఈయన్ని పిలిచి, రోజూ చేసేదంతా వరసగా చెయ్యమంది. ఈయన గొంతు సవరించుకున్నాడు. తాడు మీద ఇంకా చెయ్యి కూడా వెయ్యలేదు, పిల్లలన్నీ నేలకి అంటుకుపోయాయి. రోజూ పొద్దున్నే తూకం వెయ్యడానికి వాటిని కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తేవాడు. అప్పుడూ ముందు గొంతు సవరించుకోవడమే.

"రెండేళ్ల పని పాడుచేశానట. నన్ను గేటు కాపలాకి మార్చేసింది" అన్నాడు. "నా గొంతు, నా ఇష్టం. ఆ వెధవ కోళ్లకి నేను భయం నేర్పడమేమిటి?"

అని మళ్లీ గొంతు సవరించుకున్నాడు. పాప మంచం కిందికి దూరింది.

నా భార్య వంగి పాపని బయటికి లాగి చంకనేసుకుంది. తండ్రి మొహంలోకి చూసి అడిగింది. "దీనికి ఎప్పట్నుంచి నేర్పుతున్నారు నాన్నా?"

"ఇల్లు చూడండి" అంది నా భార్య, నా వైపు తిరిగి.

ఆ వారమే రెండు గదుల అద్దె ఇంట్లోకి మారాం. అత్తగారు రానంది. రెండు నెలలు తిరక్కుండానే పాప అంతా మరిచిపోయింది. పక్కింటాయన ఎంత దగ్గినా దాని ఆట దానిదే.

మొన్న నాకు జలుబు చేసింది. ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీస్తూ గొంతు సవరించుకున్నాను. లోపల పాపకి ఏదో చెప్పి నవ్విస్తున్న నా భార్య, మాట మధ్యలోనే ఆగిపోయింది. వెళ్లి చూస్తే చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"మీరేనని తెలుసండీ" అంది.

తెలిసినా చాలాసేపటిదాకా కూర్చోలేకపోయింది. ఆ ముసలాయన్ని నేను చచ్చినా క్షమించను.