వీపు తిప్పి నిలబడేవాడు

బుధవారం పొద్దున పదకొండు గంటలకు బోధన్ రోడ్డు పక్క మెకానిక్ షెడ్డులో మా వ్యాన్ ముందు చక్రాలు విప్పి ఉన్నాయి. బ్రేకు సరిగా పడక చెరుకు ట్రాక్టర్‌ను గుద్దబోయిన నాటి నుంచి నా భార్య ఆ వ్యాన్ ఎక్కనంటోంది. అందుకే మెకానిక్ అదే కంపెనీ పెద్ద వ్యాన్ బ్రేకు డిస్కులు తెచ్చి బిగించాడు. తీరా చూస్తే వాటి మీద మా చక్రాల పాత రిమ్ములు ఎక్కలేదు.

"పెద్ద చేతికి చిన్న గాజులెక్కుతయా కొడుకా?" అంది నా భార్య.

"ముందుగాల చెప్పొద్దా అవ్వా!" అని మెకానిక్ పగలబడి నవ్వి, పక్క టైర్ల దుకాణం సాయిలు దగ్గర్నుంచి పెద్ద రిమ్ములు పట్టుకొచ్చాడు.

అతనికో పిచ్చి అలవాటు. ఏ బండికి బ్రేకు బాగు చేసినా, షెడ్డు వెనక ఖాళీ జాగాలో బండికి వీపు తిప్పి చాయ్ తాగుతూ నిలబడతాడు; బండివాడు తన మీదికే నడిపి బ్రేకు వేయాలి. తిట్టాను. వినలేదు.

"జోరుగ రా బాపు. నా పని మీద నాకే నమ్మకం లేకుంటె అవ్వ ఎట్ల ఎక్కుతది?"

జోరుగా వచ్చి బ్రేకు తొక్కాను. అతనికి రెండు బారల దూరంలో వ్యాన్ ఆగింది.

"ఆగిందా?" అన్నాడు, తిరిగి చూడకుండానే.

ఆ పూట అక్కడున్నవాళ్ళం: అతను, నేను, సాయిలు, చాయ్ పోసిన గంగవ్వ, వ్యాన్ ఆగగానే ఎవరూ పిలవకముందే ముందు సీట్లో ఎక్కి కూర్చున్న నా భార్య.