మెట్టెల మీద ప్లాస్టర్

నేను ఎవర్నీ ఊరికే నమ్మే రకం కాదు. కూరగాయల దుకాణంలో తూకం వేస్తా ఉంటే తక్కెడ కిందికి వంగి చూస్తాను. ఆటలు నేర్పించే ఉద్యోగంలో చేరినాక ఈ గుణం ఇంకా ముదిరింది. జ్వరమని ఏ పిల్లన్నా సెలవు చీటీ తెస్తే నుదురు పట్టుకొని చూసేదాన్ని. "నువ్వు పీడీ మేడమ్‌వి కాదే, ఎస్సైవి" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. అననీలే, నాకేం నష్టం అనుకునేదాన్ని.

మార్కాపురంలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో బాస్కెట్‌బాల్ నేర్పిస్తాను. మాకు సిమెంటు కోర్టు ఉంది, కొత్త బోర్డులున్నాయి, బంతులకు కొదవ లేదు. పిల్లలే నిలవరు. పెద్దారవీడు నుంచి, త్రిపురాంతకం నుంచి, యర్రగొండపాలెం నుంచి బస్సుల్లో వస్తారు. మొదటేడంతా బంతిని ఎట్ల పట్టుకోవాలో నేర్పేదానికే సరిపోతుంది. రెండో ఏడు ఆట చేతికొస్తా ఉందనగా ఒక్కొక్కతే పెళ్ళి కార్డు తెచ్చి చేతిలో పెడుతుంది. "మళ్ళీ వస్తా మేడం" అంటుంది. నేను నమ్మేదాన్ని కాదు. కార్డు బల్లమీద పెట్టి, రిజిస్టర్‌లో పేరు కొట్టేసి, కొత్త పిల్లను వెతుక్కునేదాన్ని.

గిద్దలూరు వైపు ఒక చిన్న కాలేజీ ఉంది. వాళ్ళది మట్టి కోర్టు. వాన పడితే రెండు దినాలు ఆట బంద్. రింగుకు వల కూడా సరిగ్గా ఉండదు. అట్లాంటోళ్ళు మూడేండ్లుగా మమ్మల్ని ఓడిస్తా వచ్చినారు. మూడేండ్లూ అదే ఐదుగురు పిల్లలు! ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే పాస్‌లు ఇచ్చుకుంటారు. మా పిల్లలు మాత్రం ఇంకా ఒకరి పేరు ఒకరు అడుక్కుంటా ఉంటారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

వాళ్ళ మేడం సన్నటి మనిషి. కోర్టు పక్కన నిలబడి గట్టిగా అరవను కూడా అరవదు. ఒకసారి మ్యాచి అయినాక ఉండబట్టలేక అడిగేసినాను.

"ఏంది మేడం మీ రహస్యం?"

"రహస్యం ఏముంది మేడం, పిల్లలు మానుకోకుండా చూసుకుంటా. అంతే."

అంతేనంట! ఎవరి చెవిలో పువ్వులు పెడతా ఉంది ఈమె? ఊర్లు అవే, అమ్మానాయనలు అట్లాంటోళ్ళే, మా పిల్లలు మానుకుంటా ఉంటే వీళ్ళ పిల్లలు ఎట్ల నిలుస్తారు? బయటినుంచి తెచ్చి ఆడిస్తా ఉన్నారని నాకు గట్టి అనుమానం. సాక్ష్యం దొరకాలి గదా అని కాచుకొని ఉన్నాను.

దొరికింది. పోయినేడు మా కోర్టులోనే ఒక మ్యాచి పెట్టుకున్నాము. వాళ్ళ జట్టులో ఒక పొడుగు పిల్ల ఉంది. మమ్మల్ని ముంచేదంతా ఆ పిల్లే. ఆట అయినాక వరండా మెట్లమీద కూర్చొని బూట్లు విప్పుతా ఉంది. సాక్సు తీస్తే రెండు కాళ్ళకూ రెండో వేలికి తెల్లటి ప్లాస్టర్ చుట్టి ఉంది. దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. ప్లాస్టర్ ఊడదీస్తే లోపల వెండి మెట్టెలు!

ఇంకేముంది, దొరికినారు దొంగలు! పెళ్ళయి అత్తగారింట్లో ఉండే మనిషిని మ్యాచి రోజుకు పిలిపించి ఆడిస్తా ఉన్నారు, పైగా ఎవరికీ కనపడకుండా ప్లాస్టర్ చుట్టి! పెళ్ళయినా చదువుకుంటా ఉందేమో అన్న ఆలోచన నాకు రాలేదు. నా ఇన్నేండ్ల ఉద్యోగంలో పెళ్ళయి తిరిగొచ్చిన పిల్ల ఒక్కతీ లేదు మరి.

కాలేజీల పోటీలు ఆ మరుసటి నెలలో ఉన్నాయి. యూనివర్సిటీ జట్టుకు పిల్లల్ని ఏరుకునేది అక్కడే. పోటీలు నడిపించేవాళ్ళకు ఒక ఆకాశరామన్న ఉత్తరం రాసినాను. నా రాత ఎవరన్నా గుర్తుపడతారని ఎడంచేత్తో రాసినాను. ఆ పిల్ల స్టూడెంట్ కాదు, పల్లెలో కాపురం చేసుకునే మనిషి, కావాలంటే పోయి విచారించుకోండి అని.

పదిరోజులకు గిద్దలూరు మేడం ఫోన్ చేసింది.

"ఎవరో అర్జీ పెట్టినారంట మేడం. కాగితాలన్నీ చూసినారు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఊరికి పోయి విచారణ చేసినారు. అప్పట్నుంచి వాళ్ళత్త పిల్లను పంపడం లేదు. నేను రెండుసార్లు పోయినా, నాతో మాట్లాడదు. ఈ సంవత్సరం మీకు గెలుపు సులువే."

నేను ఏం అనుకున్నానో దాచుకోను. ఇది నాటకం అనుకున్నాను. ఆ పిల్ల రాదని చెప్పి మమ్మల్ని ఏమరపాటున ఉంచి, మ్యాచి రోజు దించుతారు! ఫోన్‌లోనే ఆ పిల్ల ఊరు ఏదో అడిగి పెట్టుకొని, చూసే వద్దామని ఆదివారం రైలెక్కి గిద్దలూరులో దిగి, ఆటో మాట్లాడుకొని ఆ పల్లెకు పోయినాను. ఊరు దాటితే నల్లమల మొదలు.

ఆ పిల్ల నిజంగానే ఇంటి దగ్గర ఉంది. చొప్ప నరుకుతా ఉంది. నన్ను చూసి కొడవలి పడేసి పరిగెత్తుకొని వచ్చింది.

"మేడం, మీరా! మా కోసం మీరు కూడా వచ్చినారా! మా అత్తకు మీరన్నా చెప్పండి మేడం. ఈసారి ఆడితే యూనివర్సిటీ జట్టుకు తీసుకుంటారు. ఇదే నా ఆఖరేడు."

వాళ్ళత్త దొడ్లో గొర్రెపిల్లల్ని గంపల కింద మూస్తా ఉంది. చేతులు కడుక్కొని వచ్చి మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చి, నేను అడక్కముందే చెప్పింది.

"ఆ గిద్దలూరు మేడం మీద నాకేం కోపం లేదమ్మా. మా వాడి పెళ్ళికి జట్టునంతా ఎంటబెట్టుకొని వచ్చింది. ఆ పిల్లలే విస్తళ్ళు వేసి వడ్డించినారు. పోయేటప్పుడు నా రెండు చేతులూ పట్టుకొని, చదువయ్యేదాకా ఆడనియ్యి అక్కా అన్నది. పొద్దు గూకకముందే తెచ్చి గడపలో దించాలన్నా. ఒక్క దినం తప్పలేదు, బండి మీద తనే తెచ్చి దించేది. మొన్న ఇద్దరు మగోళ్ళు వచ్చినారు. పాలు పోసే కాడ నిలబడి, ఫలానా వాళ్ళ కోడల్ని ఎవరన్నా డబ్బులిచ్చి తీసుకపోతా ఉన్నారా అని అడిగినారు. ఊరంతా ఉంటాది ఆడ! అప్పట్నుంచి నేను పాల క్యాను తీసుకొని పోతే మాటలాపుతా ఉన్నారు. నా కోడలి మీద ఇట్లాంటి మాట ఎవడు పుట్టించినాడో గానీ, వాడి నోరు పడిపోను!"

ఇదా రహస్యం అనుకున్నాను. ఎన్ని పెళ్ళి కార్డులు తీసుకున్నాను నేను! ఒక్క పెళ్ళికన్నా పోయినానా? చచ్చేంత సిగ్గేసింది. నోరు మూసుకొని తిరిగిరావచ్చు, ఎవరికీ తెలియదు. కానీ ఆ పిల్ల గుంజకు ఆనుకొని నావైపే చూస్తా ఉంది, నేనేదో మంచి మాట చెబుతానని.

"నేనే రాసినా అక్కా" అన్నాను.

ఆ పిల్ల మొహం చూడలేక తల దించుకున్నాను. వాళ్ళత్త పీట లాక్కొని నా ఎదురుగా కూర్చుంది.

"ఎందుకు రాసినావు?"

"కాళ్ళకు మెట్టెలు చూసినా. పెళ్ళయినామె చదవదనుకున్నా."

"నీకు పెళ్ళయిందా?"

"అయింది."

"అయినాక చదివినావా, ముందేనా?"

అయినాకనే ఈ ఆటల ఉద్యోగానికి కావాల్సిన బీపీఎడ్ చేసినాను. చంకలో పిల్లను మా అమ్మకిచ్చి పోయి పరీక్షలు రాసినాను. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టనేలేదంటే నమ్ముతారా? నేనైతే నమ్మను.

"అయినాకనే" అన్నాను.

"సరే. సాయంత్రం పాలకు ఇంకా గంట ఉంది. టీ పెడతా, తాగి కూర్చో. నాకు చెప్పింది చాలదు, పాల కాడికి వచ్చేవాళ్ళకు చెప్పు" అన్నది.

చెప్పినాను. క్యాన్లు పట్టుకొని నిలబడిన ఆడోళ్ళ ముందర, నా పేరు చెప్పి, కాలేజీ చెప్పి, ఈ పిల్ల నిఖార్సయిన స్టూడెంట్, అబద్ధం రాసింది నేను అని చెప్పినాను. ఒకామె క్యాను కింద పెట్టి అడిగింది: "అప్పుడు రాసింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?" వాళ్ళత్త పాలు పోసి వెళ్ళిపోయింది. పంపుతానని గానీ పంపనని గానీ అనలేదు. మరుసటి రోజు గిద్దలూరు మేడానికి ఫోన్ చేసి అంతా చెప్పినాను. ఆమె విని, "సరే మేడం" అని పెట్టేసింది.

పోటీల రోజు గిద్దలూరోళ్ళతో మ్యాచికి మా పిల్లలు కోర్టులోకి దిగే వేళకు కూడా ఆ పిల్ల కనపడలేదు. నేను గేటు వైపే చూస్తా ఉన్నాను. నా చేతులారా ఒక పిల్ల ఆట చెడగొట్టినాను. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకునే వేళకు వచ్చింది, బూట్లు చేత్తో పట్టుకొని పరిగెత్తుతా. వెనకాలే వాళ్ళత్త. నాకు ఏడుపు ఆగలేదు, ఎవరేమనుకుంటే నాకేంది!

పిల్ల నావైపు తలెత్తి చూడలేదు. వాళ్ళత్త మాత్రం వాళ్ళ జట్టు కాడికి పోకుండా నేరుగా వచ్చి మా బెంచీమీద నా పక్కన కూర్చుంది. ఆ పిల్ల ఆడిన ఆట చెప్పేదానికి లేదు. మమ్మల్ని ఉతికి ఆరేసింది. బంతి వేసినప్పుడల్లా జనం ఈలలు, కేకలు. వాళ్ళత్త ఒక్కసారి కూడా కోర్టువైపు తిరగలేదు. నా చేతుల వైపు, నా మొహం వైపు చూస్తా కూర్చుంది.

"అక్కా, నీ కోడలు అంత బాగా ఆడతా ఉంటే చూడవేంది?" అన్నాను.

"దాని ఆట అది ఆడుకుంటాది. నేనొచ్చింది నిన్ను చూసేదానికి. మళ్ళీ ఏం రాస్తావో అని."