లౌడ్‌స్పీకర్‌లో నా గొంతు

మా మిల్లులో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. ఇనుము మీద ఇనుము పడే చప్పుడు అలాంటిది. అందుకే షెడ్డు పొడవునా స్తంభాలకు ఫోన్లు బిగించారు. ఏ ఫోనెత్తి మాట్లాడినా షెడ్డంతా లౌడ్‌స్పీకర్లలో మోగుతుంది. మాట్లాడింది ఎవరో, ఏ స్తంభం దగ్గరి నుంచో చెప్పడం ఎవరి తరమూ కాదు.

భిలాయ్ ఊరి బయట ఉన్న ఆ చిన్న ప్రైవేటు మిల్లులో నేను షిఫ్ట్ ఇంజనీరుగా చేరాను. షెడ్డులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. నాన్న ఊళ్ళోని పెద్ద స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు, నేను ఆ ప్లాంటు వాళ్ళ సెక్టర్ 4 క్వార్టర్లో పుట్టి పెరిగాను. ఫ్యాక్టరీలంటే నాకు బెరుకేం లేదు. చేరిన కొత్తలో ఒకరోజు ఫోనెత్తి, "క్రేన్ రోకియే, భయ్యా" అన్నాను. క్రేన్ ఆపండన్నా అని. అంత చప్పుడులోనూ మర్యాదగా చెప్పడం మా ఇంటి జబ్బు. ఫోన్ పెట్టానో లేదో, పైనుంచి మళ్ళీ నా గొంతే వినిపించింది.

"క్రేన్ రోకియే, భయ్యా."

అదే సాగదీత. ప్రతి మాట చివరా నాకు తెలియకుండానే నేను పైకెత్తే స్వరం కూడా ఉంది. చుట్టూ చూశాను. అందరూ తలలు వంచుకుని ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. ఒక్కరి పెదవీ కదలడం లేదు, ఒక్కరి చేతిలోనూ ఫోన్ లేదు.

మొదట్లో ఒళ్ళు మండింది. తర్వాత మంట పోయి భయం పట్టుకుంది. నేను దగ్గితే పైన ఎవరో దగ్గేవాళ్ళు. నేను ఊరికే నడుస్తున్నా, నేను ఊపిరి పీల్చుకున్నట్టే లౌడ్‌స్పీకర్ ఊపిరి పీల్చుకునేది. ఒకసారి క్యాంటీన్ గోడ పక్కన నిలబడి సెల్‌లో అమ్మతో తెలుగులో మాట్లాడి లోపలికొచ్చాను. షెడ్డులో తెలుగు తెలిసినవాళ్ళు చాలా తక్కువ. అయినా గేటు దాటగానే పైనుంచి నా మాట, నా గొంతుతో, "తినీసానమ్మా, ఇంక ఫోన్ పెట్టీ" అంది.

మేనేజరుకు చెప్పాను. ఎవరో చెప్పండి మేడమ్, ఉద్యోగం తీసేస్తా అన్నాడు. ఎవరో తెలిస్తే ఆయన దాకా ఎందుకు వెళ్తాను? "మజాక్ హై", ఏదో సరదాకి అని నవ్వి టీ తెప్పించాడు. ఆ టీ ఆయన మొహాన కొట్టాలనిపించింది. మర్యాదగా తాగి వచ్చాను.

ఇంట్లో చెబితే నాన్న పేపరులోంచి తల ఎత్తలేదు. "పట్టించుకోకే. ఆళ్ళే ఊరుకుంటారు" అన్నారు. ఆయన వెళ్ళాక అమ్మ వంటింట్లో నెమ్మదిగా అసలు సంగతి చెప్పింది.

"మీ నాన్న పార్కుకెళ్ళడం ఎందుకు మానీసారో తెలుసా? వాకింగ్ గ్రూపోళ్ళంతా ఈయన్ని చూడగానే గొంతు లేకుండా ఉట్టి పెదాలు ఆడిస్తారట. ఈయన చెవి మిషన్ పాడయిపోయిందనుకుని తీసి దులుపుకుంటారు. ఆళ్ళు నవ్వుతారు. అందరూ ఆఫీసర్లుగా చేసినోళ్ళే."

స్మృతి నగర్‌లో మా ఇంటి ఎదురుగానే ఆ పార్కు. కిటికీలోంచి చూస్తే పెద్దమనుషులు బెంచీల మీద కూర్చుని పెదాలు కదుపుతున్నారు. దూరాన్నుంచి వాళ్ళకు గొంతు ఉందో లేదో నాకూ తెలియలేదు. స్కూల్లో నా వెనక వరసగా నడుస్తూ నా నడకను అనుకరించిన పిల్లలు గుర్తొచ్చారు. నేను వెనక్కి తిరిగితే అందరూ బొమ్మల్లా నిటారుగా నిలబడి ఉండేవాళ్ళు. వయసు పెరిగితే ఈ ఆట పోతుందని ఎవరు చెప్పారో గానీ, పోదు. జుట్టు నెరుస్తుందంతే.

నేను ఫోనెత్తడం మానేశాను. ఏం చెప్పాలన్నా షెడ్డు ఆ చివరి దాకా నడిచి వెళ్ళి చెప్పేదాన్ని. నేను మౌనంగా ఉన్నా నా గొంతు మాత్రం పనిచేస్తూనే ఉంది. పొద్దున నేను రాకముందే "క్రేన్ రోకియే, భయ్యా" అని మొదలయ్యేదట. క్రేన్ డ్రైవరు ఆపేవాడు కాదు, నవ్వేవాడు. ఇంట్లో మాట్లాడుతుంటే ఇది నేనా, అదా అని నాకే అనుమానం వచ్చేది.

ఒక మధ్యాహ్నం కడ్డీల కట్ట క్రేన్ మీద వస్తోంది. దాన్ని పట్టిన బెల్టు ఒక పక్క తెగిపోతోంది. కింద మా సొంత జిల్లా శ్రీకాకుళం వైపు మనిషి, నడివయసు ఫిట్టరు, వంగుని బోల్టు బిగిస్తున్నాడు. దగ్గరున్న ఫోన్ లాక్కుని అరిచాను. "క్రేన్ రోకియే, భయ్యా!"

ప్రాణం మీదికొచ్చినా నా నోట వచ్చింది ఆ మాటే. షెడ్డంతా మోగింది. ఒక్క తలా లేవలేదు. క్రేన్ ఆగలేదు. మళ్ళీ మళ్ళీ అరిచాను. అక్కడక్కడా నవ్వులు కనిపించాయి. ఫోన్ వదిలేసి పరిగెత్తాను. నేను చేరేలోపే కట్ట ఒక పక్కకు ఒరిగింది. అతను నీళ్ళ సీసా కోసం కొంచెం జరిగాడు కాబట్టి తల మీద పడాల్సింది భుజం మీద పడింది. ఎముక విరిగింది.

విచారణలో అందరినీ ఒక్కొక్కరినే పిలిచారు. నేనూ పక్కనే కూర్చున్నాను. లౌడ్‌స్పీకర్‌లో దాక్కున్న ఆ ఒక్కడి మొహం చూడాలని ఎన్ని రోజులుగానో కాచుకున్నాను. మొదటివాడు కళ్ళు దించుకుని, "ఒక్కసారే చేశాను మేడమ్" అన్నాడు. రెండోవాడూ అంతే. వెల్డరు, క్రేన్ డ్రైవరు, క్యాంటీన్లో టీ పోసే ముసలాయన, అందరూ అంతే. ఒక్కసారే. అదంతా చేసిన ఒక్క మనిషంటూ ఎవరూ లేరు. ఆ గదిలో నాకు కలిగినంత భయం షెడ్డులో ఎప్పుడూ కలగలేదు.

ఇక ఫోనెత్తినవాళ్ళు ముందు తమ పేరు చెప్పాలని రూలు పెట్టించాను. మేనేజరు సణిగాడు, నేను వినలేదు. ఆ రోజు నుంచి పైన ఆ గొంతు లేదు. ఇంత చిన్న రూలు ముందే ఎందుకు పెట్టలేదని ఇప్పటికీ కోపం వస్తుంది.

ఆస్పత్రికి వెళ్ళి ఫిట్టరును చూశాను. కట్టుతో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నా అరుపు వినపడలేదా అని అడిగాను.

"వినపడింది మేడమ్" అన్నాడు. "ఎవుడో గానీ, ఇవాళ మేడమ్ గొంతుని బలే దించీసాడ్రా అనుకున్నాను."