చార్టు మీద కుప్పమ్మ పేరు

2001వ సంవత్సరం. వేలూరు పాత బస్టాండుకు దగ్గరలో, మందుల షాపుల వరస పైన, మేడ మీద ఒక గేమ్ సెంటర్ ఉండేది. నేను అక్కడ ఆపరేటర్ని. ఆపరేటర్ అంటే ఏదో కుర్చీ ఉద్యోగం అనుకునేరు. పొద్దున కంప్యూటర్లు ఆన్ చేయాలి, వచ్చినవాళ్ళకు సీటు చూపించాలి, ఆట రానివాళ్ళకు నేర్పాలి, మధ్యమధ్యలో జాయ్‌స్టిక్‌లకు అంటిన చెమట తుడవాలి. జాయ్‌స్టిక్ అంటే ఆటలో బండినో ఓడనో తిప్పే పిడి. మా నాన్న తొరపాడిలో మేస్త్రీ. నా ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే "కంప్యూటర్ ఆఫీసులో" అని చెప్పేవాడు, ఆటల షాపు అనడానికి మనసొప్పక.

ఇప్పటికీ కొందరు అడుగుతారు, ఆటల షాపులో గుర్తుపెట్టుకునేంత ఏం జరుగుతుంది అని. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆసుపత్రిలో జరిగితేనే అన్యాయమా, కోర్టుకెక్కితేనే అన్యాయమా? నేను చూసిన పచ్చి అన్యాయం ఒకటి ఆ మేడ మీదే జరిగింది.

ముందు ఆట గురించి చెప్పాలి. మా దగ్గర అందరూ ఎగబడి ఆడేది ఒక అంతరిక్ష ఆట. ఓడెక్కి చీకట్లోకి పోవాలి. ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పరు, స్కానర్లు పెట్టుకుని మనమే వెతుక్కోవాలి. స్కానర్లు రెండు. ఒకటి వెడల్పుది. ఓడ మూతి మెల్లగా తిప్పుతూ పోతే, ఏ దిక్కున ఏదైనా ఉందో ఆ దిక్కుకు రాగానే చెవిలో సన్నగా మోత వినిపిస్తుంది. రెండోది సన్నది. మోత వచ్చిన వైపు దాన్ని కదలకుండా నిలిపితే, కాసేపటికి ఆ చోటు ఆకారం తెర మీదికి వస్తుంది. దీన్ని లాక్ అంటారు. లాక్ పడగానే పేరు పెట్టమని ఒక గడి తెరుచుకుంటుంది.

పెట్టిన పేరు సర్వర్‌లోకి పోతుంది. సర్వర్ అంటే మూలనున్న పెద్ద కంప్యూటర్, మిగతావన్నీ దానికే తగిలించి ఉంటాయి. కాబట్టి షాపులో ఎవరు ఎక్కడ కూర్చుని ఆడినా అందరిదీ ఒకే ఆకాశం. దొరికిన చోట్లన్నీ పేర్లతో సహా చార్టు మీద, అంటే ఆకాశం పటం మీద, కనిపించేవి. గుమ్మం దగ్గర టీవీలో ఆ చార్టు పొద్దస్తమానం ఆడుతూ ఉండేది. తమ పేరు పైన చూసుకోవడానికే మెట్లెక్కి వచ్చేవాళ్ళు కొందరు.

ఇందులో ఒక కిటుకుంది. ఇంజన్ నడుస్తున్నంతసేపు వెడల్పు స్కానర్‌కు ఏమీ వినపడదు. ఇంజన్ ఆపి, ఆ నిశ్శబ్దంలో కూర్చుని వినాలి. ఈ మాట నేను కాలేజీ కుర్రాళ్ళకు చెప్పి చెప్పి అలిసిపోయాను. ఒక్కడూ చెవిన వేసుకోడు. ఫుల్ స్పీడులో దూసుకుపోవడం, ఏమీ కనబడలేదని నా మీద విసుక్కోవడం, మౌస్ బల్లకేసి కొట్టడం. కనబడదు నాయనా, నీకు నిలబడడం తెలిస్తే కదా కనబడేది.

అలాంటి చోటికి గుడియాత్తం నుంచి మునిరత్నం వచ్చాడు. లుంగీలు నేసే మనిషి, ముప్పై దాటినవాడు. అమావాస్యనాడు వాళ్ళ వీధిలో మగ్గం తొక్కరు. నెలకు దొరికే ఆ ఒక్క రోజూ బస్సెక్కి వేలూరు వస్తాడు. ఒకసారి సినిమాకు టికెట్టు దొరక్క, మా మెట్ల దగ్గర బోర్డు చూసి పైకెక్కాడు. కంప్యూటర్ ముందు కూర్చోవడం అదే మొదటిసారి. వాళ్ళింట్లోనూ మా ఇంట్లోలాగా తెలుగే అని రెండు మాటల్లో తెలిసిపోయింది.

"ఇంజన్ ఆపప్పా," అన్నాను.

"ఆపితే ఓడ నిలిచిపోతాది గదా మేడం."

"నిలవనీ. నిలిస్తేనే ఇనపడేది."

ఆపాడు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి, "సెరి మేడం, అర్థమయింది. పోగు తెగినాదంటే మేమూ మగ్గం ఆపే చూస్తాం," అన్నాడు. ఒక చోట నిలబడి మోత ఎటునుంచి వస్తోందో చూసుకోవాలని, పక్కకు జరిగి మళ్ళీ నిలబడి చూడాలని, ఆ రెండు దారులూ ఎక్కడ ఒకదాన్నొకటి కోస్తాయో అక్కడే వెతకాలని నేర్పాను. ఇంత శ్రద్ధగా విన్న కస్టమర్ నాకు అంతకుముందు లేడు.

తర్వాత ప్రతి అమావాస్యకూ వచ్చాడు. అందరి చోట్లూ చార్టు నడుమ గుంపుగా ఉంటే, అతను వాటిని దాటుకుని ఎవరూ పోని మూలకు పోయేవాడు. కొన్ని నెలలకు ఆ మూలలో ఒక మోత పట్టుకున్నాడు. లాక్ పడింది. చుట్టూ వెలుగు పట్టీలున్న ఒక గ్రహం తెర నిండా తిరుగుతూ కనబడింది. చార్టు మొత్తంలో అంత దూరంలో ఇంకెవరికీ ఏదీ దొరకలేదు.

పేరు గడి ఇంగ్లీషు అక్షరాలే తీసుకుంటుంది. మునిరత్నానికి తమిళం చదవను వచ్చు, ఇంగ్లీషు రాదు. "నువ్వే కొట్టు మేడం," అన్నాడు.

"ఏం పేరు కొట్టేది?"

"కుప్పమ్మ. మా అక్క."

వెనకనుంచి కాలేజీ కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. మా వైపు, వరసగా బిడ్డలు పోయిన ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే చెత్తకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి తీసుకుని, కుప్పమ్మ అనో కుప్పుసామి అనో పేరు పెడతారు. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని చావు వదిలేసి పోతుందని. అలా నిలిచిన మనిషి ఆమె. తల్లి పోయాక బీడీలు చుట్టి తమ్ముణ్ణి పెంచింది. "పేరు చెప్పితే నవ్వుతారని బస్సులో ఎవురన్నా అడిగినా చెప్పదు మేడం. ఆ పేరే పైన ఉండనీ," అన్నాడు. నేను ఆ కుర్రాళ్ళ వైపు కళ్ళెర్రజేసి చూసి, ఒక్కో అక్షరం చూసుకుని కొట్టాను. వచ్చే అమావాస్యకు అక్కను పిలుచుకొస్తానని చెప్పి, టీవీ కింద చాలాసేపు నిలబడి వెళ్ళాడు.

ఇక మా యజమాని సంగతి. పేరు దామోదరం. ఊళ్ళో రోజుకో కొత్త కంపెనీ బోర్డు లేస్తున్న రోజులవి. గోడ ఖాళీగా కనబడితే దాని మీద ఎవరి ప్రకటన పెట్టవచ్చా అని చూసే మనిషి. ఒకరోజు టీవీ ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఏమ్మా రాజీ, ఇన్ని పేర్లు ఊరికే పెట్టుకోనిస్తా ఉండామే," అన్నాడు. వారం తిరిగేసరికి చార్టు మారిపోయింది. ఒక చోటు స్వీట్ స్టాల్ అయింది, ఒకటి టైల్స్ షాపు అయింది. కుప్పమ్మ చోటు ఒక ఫైనాన్స్ కంపెనీ అయింది. అన్నిటికన్నా దూరాన, ఒంటరిగా, బాగా కనబడే చోటే కావాలని దాని మేనేజర్ ఏరి తీసుకున్నాడట. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. రాస్తే మళ్ళీ ఉచితంగా ప్రకటన ఇచ్చినట్టవుతుంది.

"కనుక్కున్నవాళ్ళ పేరు మనమెట్ల తీస్తాం సార్?" అని అడిగాను.

"కంప్యూటర్ నాది, కరెంటు నాది, సర్వర్ నాది. ఇంక ఆకాశం ఎవురిది?" అన్నాడు.

కాలేజీ కుర్రాళ్ళకు తలా ఒక కూల్‌డ్రింకు ఇప్పించాడు, వాళ్ళ రోషం దాంతో చల్లబడిపోయింది. నేను మాత్రం రోజూ అడుగుతూనే ఉన్నాను. ఆ ఒక్క పేరు తిరిగి పెట్టండి సార్, మనిషి అక్కను పిలుచుకొస్తాడు అని. "నెలకోసారి వచ్చేవాడికోసం రోజూ పలకరించే మేనేజర్ని పోగొట్టుకోమంటావా?" అనేవాడు. నేనే మార్చేస్తానని అనుమానం వచ్చిందేమో, సర్వర్ పాస్‌వర్డ్ కూడా మార్చేశాడు. మునిరత్నానికి ముందుగా చెబుదామంటే ఫోన్ లేదు, గుడియాత్తంలో ఏ వీధో అడిగి పెట్టుకోలేదు. అమావాస్య దగ్గరపడేకొద్దీ నాకు అన్నం సహించలేదు.

ఆ రోజు రానే వచ్చింది. మునిరత్నం ఉతికిన చొక్కా వేసుకుని ముందు, వెనకాల మెట్ల కమ్మీ పట్టుకుని ఆయాసపడుతూ కుప్పమ్మ. సన్నటి మనిషి, పొగాకుతో వేళ్ళు పసుపుబారి ఉన్నాయి. తల నిండా కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చుని, ఊపిరి తీసుకుని, "యాడమ్మా నా ఊరు?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపల దామోదరం నన్ను పక్కకు పిలిచాడు. "ఎందుకమ్మా రభస? ఇద్దురికీ ఇంగ్లీషు రాదు గదా. ఆ ఫైనాన్స్ పేరే చూపించి, ఇదే నీ పేరని చెప్పేయ్. సంతోషంగా పోతారు," అన్నాడు.

ఎంత తేలిగ్గా అన్నాడో ఆ మాట. పేరు తీసినందుకు కాదు, ఈ మాటకే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చదువు రాకపోతే మనిషికి తనదేదో పరాయిదేదో కూడా తెలియనక్కర్లేదా? వాళ్ళు చేతులెత్తి దండం పెట్టి పోతుంటే నేను నవ్వుతూ నిలబడాలా? "నా నోట ఆ అబద్ధం రాదు సార్," అని గట్టిగానే అన్నాను. షాపులో అందరూ తిరిగి చూశారు.

వెళ్ళి ఆమె ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. మీ తమ్ముడు పెట్టిన పేరు తీసేసి ఒక కంపెనీ పేరు పెట్టినారమ్మా, అదిగో, ఆ మూల కనబడేది మీది కాదు అని.

మునిరత్నం టీవీని చూశాడు, నన్ను చూశాడు. "నేనేమన్నా తప్పు చేసినానా మేడం?" అన్నాడు. తప్పంతా ఎదుటివాళ్ళదైనా ముందు తనలో వెతుక్కునే మనుషులు వీళ్ళు, అందుకే దామోదరం లాంటివాళ్ళ ఆటలు సాగుతాయి. నాకు ఏడుపు వచ్చింది, కోపంతో.

దామోదరం నవ్వుమొహం పెట్టుకుని వచ్చాడు. "అమ్మా, ఇది వ్యాపారం. కావాలంటే మీ తమ్ముడు ఈ పొద్దంతా ఉచితంగా ఆడుకోనీ," అన్నాడు.

కుప్పమ్మ అతన్ని పైకీ కిందికీ చూసింది. గొంతు పెంచలేదు.

"అయ్యా, మా బీడీ కంట్రాక్టరూ ఇట్లనే. చుట్టిన బీడీలు తీసుకుపోతే, ఇవి బాగలేవు, ఇవి చెల్లవు అని గుప్పెడు గుప్పెడు పక్కకు తీస్తాడు. వాటికి కూలి లేదంటాడు. చెల్లనివైతే నాకు తిరిగి ఇయ్యల్ల గదా? ఇయ్యడు. పారేస్తాడా? పారెయ్యడు. అవీ కట్ట గట్టి అమ్ముకుంటాడు. నా పేరు చెల్లదని తీసినావు, సెరి. మావాడు కనుక్కొన్న చోటు మాత్రం ఎట్ల చెల్లింది నీకు?"

దామోదరం ఎవరో పిలిచినట్టు కౌంటర్ వైపు తిరిగి, లేని పనేదో చూసుకోసాగాడు. పేరు మాత్రం తిరిగి పెట్టలేదు. అలాంటివాళ్ళకు సిగ్గు వేస్తుందేమోగాని బుద్ధి రాదు.

అక్కడితో లేచి వెళ్ళిపోతారనుకున్నాను. కుప్పమ్మ లేవలేదు. "మునీ, కూర్చో నాయనా. ఉచితంగా ఆడుకోమన్నాడు గదా. ఇంగోటి ఎతుకు. ఎట్ల ఎతుకుతావో నేను చూడల్ల," అంది.

కూర్చున్నాడు. ఓడను చార్టు అంచుకు తీసుకుపోయి ఇంజన్ ఆపాడు. హెడ్‌ఫోన్ విప్పదీసి ఒక వైపు తన చెవికి, ఒక వైపు అక్క చెవికి ఆనించాడు. మూతి మెల్లగా తిప్పుతూ, పక్కకు జరుగుతూ, మళ్ళీ ఆపుతూ చాలాసేపు వెతికాడు. నేను వేరే కస్టమర్లను వదిలేసి వాళ్ళ వెనకే నిలబడ్డాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను.

"ఆ, మోగుతా ఉండాది," అంది కుప్పమ్మ.

మునిరత్నం సన్నని స్కానర్ మీట మీదికి వేలు పోనిచ్చాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. "అది నొక్కితే ఏమయితాది?"

"పటంలో పడతాది అక్కా. పేరు పెట్టమని అడుగుతాది."

ఆమె ఒకసారి కౌంటర్ వైపు చూసింది. "అయితే నొక్కొద్దు. ఊరికే పో."

లాక్ లేకుండా పోవడం మా షాపులో ఎవరూ చేయలేదు. మోత పెరిగితే సరైన దారి, తగ్గితే తప్పు దారి. కాస్త దూరం పోవడం, ఇంజన్ ఆపి వినడం, మళ్ళీ పోవడం. చివరికి చీకట్లోంచి ఒక నీలం గ్రహం మెల్లగా పెద్దదై తెరంతా పరుచుకుంది. గుమ్మం దగ్గర టీవీలో మాత్రం అక్కడ ఏమీ లేదు, వట్టి నలుపు. కుప్పమ్మ తెర మీద చెయ్యి పెట్టి చూసి, "ఇది ఉండనీ," అంది.

ఇది విన్న చాలామంది ఆ అక్కాతమ్ముళ్ళను మెచ్చుకోమంటారు, ఎంత తెలివిగా గెలిచారు అని. నేను మెచ్చుకోను. దొరికినదాన్ని దాచుకుంటే తప్ప నిలుపుకోలేకపోవడం గెలుపేమీ కాదు. ఆమె పేరు అందరూ చూసేచోట ఉండాల్సింది, తీసినవాడు తలెత్తుకు తిరిగాడు. కొన్నేళ్ళకు తొరపాడిలో నా సొంత సెంటర్ పెట్టుకున్నాక, ఏ కంపెనీ వచ్చి అడిగినా కస్టమర్ పెట్టుకున్న పేరు ఒక్కటీ తీయలేదు. ఆ మేడ మీద నేను నేర్చుకున్నది అంతే.

అక్కాతమ్ముళ్ళు ఆ తర్వాత కూడా అమావాస్యలకు వచ్చారు, నేరుగా ఆ నీలం గ్రహం దగ్గరికే పోయి కాసేపు కూర్చుని వెళ్ళేవాళ్ళు. చార్టు మీది పేర్లకు గిరాకీ పెరిగి దామోదరం నన్ను మాటిమాటికీ అడిగేవాడు. "ఆ గుడియాత్తం ఆయప్ప మళ్ళీ ఏమన్నా కనుక్కొన్నాడా రాజీ?"

"ఏమీ దొరకలేదు సార్," అనేదాన్ని.

ఆ షాపులో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.