కుబత్ అన్న కుర్చీలు

నిలబడ్డ మనిషి కనిపిస్తే కుబత్‌కి కాలూ చెయ్యీ ఆడదు. పట్నమంతా ‘బైకే’ అని, అంటే అన్నగారూ అని, పిలిచే ఆ పెద్దమనిషి ఎక్కణ్ణుంచో ఒక కుర్చీ లాక్కొచ్చి ఎదుటివాడి మోకాళ్ల వెనక్కి తోస్తాడు. ఆ మనిషి ఠపీమని కూలబడతాడు. నరీన్ లోయలో కూర్చోవాలనే ఉద్దేశమే లేకుండా కూర్చున్నవాళ్లు కోకొల్లలు.

అతని ఉద్యోగం యుద్ధ చరిత్ర మ్యూజియంలో ప్రదర్శనలు అమర్చడం. అమర్చినవి మాత్రం ఎక్కువగా కుర్చీలే. మూతపడ్డ సినిమా హాలు కుర్చీలు, విరిగిన బడి బెంచీలు, ఆఖరికి మంగలి షాపు తిరుగుడు కుర్చీ కూడా. ఫిరంగి దగ్గరికి పోవాలంటే ముందు కుర్చీల దండును దాటాలి.

“బైకే, ఇది మ్యూజియమా, రైల్వే స్టేషనా?” అని డైరెక్టరు జనిల్ మండిపడేది.

“నిలబడి అరిస్తే నడుం పట్టేస్తుంది చెల్లెమ్మా. కూర్చుని అరుద్దువుగాని.”

కూర్చోగానే ఆమె కోపం సగం దిగిపోయేది. అందుకు ఇంకా కోపం వచ్చేది.

ఓసారి బుగ్గ వాచిన ఆసామి ఒకడు లోపలికొచ్చి, కుర్చీలు చూసి, “వరసలో ఆఖరు ఎవరండీ?” అన్నాడు. పళ్ల డాక్టరు పక్క భవనంలో అని జనిల్ చెప్పేలోపే బైకే అతన్ని మంగలి కుర్చీలో కూర్చోబెట్టాడు. పాపం, అతను నోరు కూడా తెరిచేశాడు.

విజయ దినోత్సవం వచ్చింది. వెనకటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి తిరిగిరాని లోయవాసుల ఫొటోలు, గోడలమీద ఎప్పటినుంచో ఉన్నవే, వాటితో ప్రత్యేక ప్రదర్శన పెట్టారు. ప్రారంభానికి రాజధాని నుంచి అధికారి వస్తున్నాడు. కారుతున్న కప్పు బాగుచేయించాలో, మ్యూజియమే మూసెయ్యాలో తేల్చేది ఆయనే.

“ఆయన వెళ్లేదాకా ఒక్క కుర్చీ కనబడితే ఒట్టు!” అని జనిల్ కుర్చీలన్నీ కొట్టంలో పడేయించి తాళం వేసింది. బైకే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో దోపుకున్నాడు.

ఆ పొద్దున అందరికన్నా ముందు సాదత్ అవ్వ వచ్చింది. కర్ర ఆనించుకుని ఒక కుర్రాడి ఫొటో ముందు ఆగి, చుట్టూ చూసింది.

“నా కుర్చీ ఏదే తల్లీ?” అని జనిల్‌ని అడిగింది.

“మీ కుర్చీ ఏమిటి అవ్వా?”

“మా నాన్న ఎదురుగా ఉండేది. నేను ఉయ్యాల్లో ఉండగా వెళ్లాడు. ఏ దేశం మట్టిలో ఉన్నాడో! సమాధంటూ ఉంటే పక్కన కూర్చుని నాలుగు దువాలు చదువుకుందును. నేలమీద కూర్చుంటే ఈ మోకాళ్లు మళ్లీ లేవనివ్వవు. మొదటిసారి సిగ్గుపడి గుమ్మంలోనే నిలబడిపోయా. కుబత్ ఒక్క మాటైనా అడగలేదు, కుర్చీ తెచ్చేశాడు. నేనొక్కదాన్నే కూర్చుంటే అందరూ నన్నే చూస్తున్నార్రా అంటే, సరేనని అందర్నీ కూర్చోబెట్టడం మొదలెట్టాడు!”

జనిల్ గబగబా వెళ్లి కొట్టం తాళం తీసింది.

“బైకే, పట్టు ఇటు!”

“మరి అధికారి?”

“వస్తే రానీ. నువ్వు ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వెప్పుడు కుదురుగా కూర్చున్నావు గనక?”

ఆమె నవ్వింది. “నీకు రుణపడిపోయాను అన్నా,” అంది. బైకే చెవులు ఎర్రబడ్డాయి.

అధికారి వచ్చేసరికి హాలు నిండా అవ్వలు. ఎవరి ఫొటో ముందు వాళ్లు కూర్చుని, దోసిళ్లు చాచి, పెదవులు కదుపుతున్నారు. ఆయన టోపీ తీసేశాడు. చదవాల్సిన ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది.

దువా ముగించి, అరచేతులతో మొహం తడుముకుని, సాదత్ అవ్వ లేచింది. సంచీలోంచి వేయించిన రొట్టెముక్క తీసి ఆయన నోట్లో పెట్టింది.

“నాయనా, వానొస్తే మా నాన్న నెత్తిన నీళ్లు పడుతున్నాయి. కప్పు వేయిస్తావుగా?”

నోటినిండా రొట్టె. కాదనడానికి వీల్లేక ఆయన తలూపాడు. అంతే, అవ్వలందరూ మళ్లీ దోసిళ్లు చాచి ఆయన్నీ, ఆయన పిల్లాపాపల్నీ దీవించేశారు. అన్ని దీవెనలు పుచ్చుకున్నాక ఎంతటి అధికారైనా వెనక్కెలా తగ్గుతాడు? ఆ వేసవిలోనే కొత్త రేకులు వచ్చాయి.